చెల్లెల్ని కూడా తీసుకుపోండి

పిల్లలూ! ఈ ఆదివారం ఇంటిల్లిపాదీ కలిసి దగ్గర్లోని గుట్టకు పోదామని మీ ఇంట్లో అనుకున్నారనుకోండి. వెంటనే వినిపించే మాట ఏమిటి? "చిన్నదాన్ని అవ్వ దగ్గర వదిలేసి పోదాం. అది నడవలేదు." ఇంతే కదా? అయిదేళ్ల చెల్లెలు గడపలో నిలబడి ఏడుస్తూ ఉంటే మిగిలినవాళ్లు బయలుదేరతారు. కొన్ని ఇళ్లలో అసలు ప్రయాణమే మానుకుంటారు. "పాప కొంచెం పెద్దదయ్యాక పోదాంలే" అంటారు. పాప పెద్దదయ్యేసరికి దానికి ట్యూషన్లు మొదలవుతాయి, మీకు పదో తరగతి పరీక్షలు వస్తాయి. గుట్ట అక్కడే ఉంటుంది, పోయేవాళ్లే ఉండరు.

నా అభిప్రాయం దీనికి పూర్తిగా వ్యతిరేకం. గుట్టకు, చెరువుకు, వంకకు, అడవికి పోవలసినవాళ్లలో మొదటి మనిషి ఆ అయిదేళ్ల చెల్లెలే. ఆమె నడవగలిగినంత దూరమే ఆ రోజు మీ అందరి దూరం కావాలి. ఇది ముద్దు కోసం చెబుతున్న మాట కాదు. దీని వెనక కొంత భౌతికశాస్త్రం, కొంత జీవశాస్త్రం, ప్రాణాలకు సంబంధించిన ఒక విషయమూ ఉన్నాయి.

ముందుగా "అది నడవలేదు" అన్న మాటను పరీక్షిద్దాం. మనం నడిచేటప్పుడు నేల మీద ఆనిన కాలు ఒక కర్రలాగా నిలబడుతుంది. శరీరం దాని మీదుగా చాపం గీస్తూ ముందుకు సాగుతుంది. ఆ చాపం మీద మనల్ని పట్టి ఉంచే కేంద్రాభిముఖ బలం భూమ్యాకర్షణ నుంచే రావాలి. వేగం ఒక హద్దు దాటితే ఆ బలం చాలదు, పాదం నేలను వదిలేస్తుంది. అప్పుడు నడక పోయి పరుగు వస్తుంది. ఈ హద్దు కాలి పొడవు వర్గమూలాన్ని బట్టి ఉంటుంది. నాయన కాలు 90 సెంటీమీటర్లు అనుకుంటే ఆయన గంటకు సుమారు ఏడున్నర కిలోమీటర్ల వేగం దాకా నడకలోనే ఉండగలడు. చెల్లెలి కాలు 45 సెంటీమీటర్లు ఉంటే ఆమె హద్దు గంటకు సుమారు 5.3 కిలోమీటర్లు. నాయన మామూలుగా చురుగ్గా నడిస్తే గంటకు అయిదున్నర కిలోమీటర్లు. చూశారా? ఆయనకు అది నడక, ఆయన వేలు పట్టుకున్న చెల్లెలికి అదే పరుగు! పైగా అదే దూరానికి ఆమె దాదాపు రెట్టింపు అడుగులు వేయాలి. అరగంట పరుగెత్తించి, ఆ తరువాత "చూడు, అలసిపోయింది, చెప్పానా" అనడం న్యాయమేనా? చెల్లెలు నడవలేకపోవడం కాదు, నాయన నెమ్మదిగా నడవకపోవడం ఇక్కడి సమస్య. మా తలుపుల చుట్టుపక్కల మేకలు కాసే ఇళ్ల పిల్లలు అయిదారేళ్లకే అవ్వ వెంట రోజంతా గుట్టల్లో తిరిగి వస్తారు. మేక ఆగినప్పుడల్లా వాళ్లూ ఆగుతారు కాబట్టి అలసిపోరు.

చిన్నపిల్లతో నడిస్తే మరో లాభం ఉంది. ఆమె అడుగడుక్కీ ఆగుతుంది. ఆగిన ప్రతిచోటా ఒక ప్రశ్న వేస్తుంది. మన వైపు ఏ గుట్ట ఎక్కినా ఒక బండ మీద ఇంకో బండ ఎవరో పేర్చినట్టుగా కనబడుతుంది కదా. పెద్దవాళ్లు దాన్ని చూసీ చూడనట్టు దాటిపోతారు. చెల్లెలు మాత్రం "దీన్ని ఎవరు పెట్టినారు?" అని అడుగుతుంది. ఎవరూ పెట్టలేదు. ఒకప్పుడు అదంతా నేల లోపల ఉన్న ఒకే రాతి దిమ్మె. అందులో నిలువుగా, అడ్డంగా పగుళ్లు వచ్చాయి. పగుళ్లలోకి నీళ్లు దిగి రాతిని మెల్లగా మట్టిగా మార్చాయి. మూలలకు రెండు మూడు వైపుల నుంచి నీళ్లు తగులుతాయి కాబట్టి అవి ముందుగా అరిగి రాయి గుండ్రబడింది. తరువాత మట్టి కొట్టుకుపోయింది, గుండ్లు మిగిలాయి. ఈ ప్రాంతపు రాళ్ల వయస్సు సుమారు 250 కోట్ల సంవత్సరాలు. డైనోసార్లు భూమి మీదికి వచ్చి 23 కోట్ల సంవత్సరాలే అయింది. చెల్లెలు కూర్చుని మరమరాలు తింటున్న బండ డైనోసార్ల కంటే పదిరెట్లు పాతది! ఈ సంగతి ఎనిమిదో తరగతిలో చెబితే పిల్లలు మార్కుల కోసం రాసుకుంటారు. అయిదేళ్లప్పుడు బండను తడుముతూ విన్నవాళ్లు ఇంకో పదిమందికి చెబుతారు.

ఇక కంటి సంగతి. ఇప్పుడు మా బడిలో ప్రతి తరగతిలోనూ కళ్లద్దాల పిల్లలు కనిపిస్తున్నారు. నల్లబల్ల కనిపించడం లేదని ముందు బెంచీకి వచ్చి కూర్చుంటారు. దీన్ని హ్రస్వదృష్టి అంటారని మీకు తెలుసు. కనుగుడ్డు ముందు నుంచి వెనక్కి ఉండవలసిన దానికంటే పొడవుగా పెరిగిపోతే దూరపు వస్తువు ప్రతిబింబం రెటీనాకు ముందే ఏర్పడుతుంది. చైనాలోని గ్వాంగ్‌జౌ నగరంలో 12 బడుల్లో ఆరేడేళ్ల పిల్లల మీద ఒక పరిశీలన జరిగింది. ఆరు బడుల పిల్లల్ని బడి ఉన్న ప్రతిరోజూ అదనంగా 40 నిమిషాలు ఆరుబయట ఉంచారు. మిగిలిన ఆరు బడుల్లో మామూలుగానే వదిలేశారు. మూడేళ్ల తరువాత చూస్తే మామూలు బడుల్లో నూటికి 39.5 మందికి కొత్తగా హ్రస్వదృష్టి వచ్చింది. బయట తిరిగిన పిల్లల్లో అది 30.4 మందికి మాత్రమే. 2015లో ఈ ఫలితాలు ప్రకటించారు. మందు లేదు, మాకు లేదు, ఖర్చు అసలే లేదు. ఆరుబయట ఉండటం ఒక్కటే తేడా.

కారణం ఏమై ఉంటుంది? తరగతి గదిలో వెలుతురు మూడు నుంచి అయిదు వందల లక్సులు ఉంటుంది. బయట చెట్టు నీడలో కూడా అది వేలల్లో ఉంటుంది. నిండు ఎండలో లక్షను అందుకుంటుంది. ప్రకాశవంతమైన వెలుతురు పడినప్పుడు రెటీనాలో డోపమిన్ అనే పదార్థం ఎక్కువగా విడుదలవుతుందనీ, అది కనుగుడ్డు మరీ సాగిపోకుండా అడ్డుకుంటుందనీ శాస్త్రజ్ఞులు భావిస్తున్నారు. కనుగుడ్డు చురుగ్గా పెరిగే వయస్సు చిన్నతనమే కాబట్టి ఈ మేలు కూడా చిన్నవాళ్లకే ఎక్కువ. అంటే మీకంటే మీ చెల్లెలికే ఎక్కువన్నమాట. మన సీమలో వెలుతురుకు కరువు లేదు. వానకే కరువు! ఉన్న వెలుతురును వదులుకుని పిల్లల్ని గదిలో కూర్చోబెట్టి చేతికి సెల్‌ఫోన్ ఇవ్వడం నాకు వింతగా తోస్తుంది.

"బయట ప్రమాదాలు ఉంటాయి కదా మాస్టారూ" అంటారు తల్లిదండ్రులు. నిజమే, ఉంటాయి. ప్రాణాలకు సంబంధించిన విషయం అన్నది ఇదే. నీళ్ల గురించి చెబుతాను. ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్క ప్రకారం 2021లో ప్రపంచం మొత్తం మీద సుమారు మూడు లక్షల మంది నీళ్లలో మునిగి చనిపోయారు. వారిలో పదిమందికి నలుగురు 15 ఏళ్ల లోపువాళ్లు. మన ప్రాంతంలో ఏడాదిలో ఎక్కువ కాలం కుంటలు ఎండి ఉంటాయి. అందువల్ల నీళ్లంటే ఏమిటో పిల్లలకు అలవాటు ఉండదు. పెద్దవాన పడి కుంట నిండగానే ఈత రాని పిల్లలు ముగ్గురూ నలుగురూ కలిసి ఇంట్లో చెప్పకుండా పరుగెత్తుతారు. ఎండాకాలంలో ఆ కుంటలోనే యంత్రాలతో మట్టి తవ్వి ఉంటారు. నిరుడు మోకాలి లోతు ఉన్నచోట ఈ ఏడు మనిషి లోతు గుంత ఉంటుంది. పైనుంచి చూస్తే రెండూ ఒకే ఎర్రనీళ్లు!

ఒకవేళ నీళ్లు తేటగా ఉండి అడుగు కనిపించినా కన్ను మోసపోతుంది. ఎందుకు? మీరు వక్రీభవనం పాఠంలో చదివారు కదా. నీటి వక్రీభవన గుణకం 1.33. పైనుంచి చూస్తే లోతు అసలు లోతులో నాలుగింట మూడు వంతులే కనిపిస్తుంది. నాలుగడుగుల నీళ్లు మూడడుగులుగా కనిపిస్తాయి. మీ చెల్లెలి ఎత్తు మూడున్నర అడుగులు. ఇప్పుడు ఆ లెక్క ఎంత భయంకరమైనదో చూడండి.

"కుంట దగ్గరికి పోవద్దు" అనే మాటతో ఈ ప్రమాదం ఆగుతుందా? ఆగదు. ఆగి ఉంటే ప్రతి వానాకాలమూ మనం ఆ వార్తలు చదవవలసిన పని ఉండేది కాదు. వద్దన్న పిల్లవాడు ఎప్పుడో ఒకప్పుడు పోతాడు. ఒంటరిగా పోతాడు, ఏమీ తెలియకుండా పోతాడు. అదే పిల్లవాణ్ణి నాలుగైదేళ్లప్పటి నుంచి నాయనో తాతో చెయ్యి పట్టుకుని కుంట గట్టుకు తీసుకుపోతే, పొడవాటి కర్రతో లోతు కొలిచి చూపిస్తే, జిగట మట్టి మీద కాలు ఎలా జారుతుందో గట్టునే ఉండి చూపిస్తే, వాడికి నీళ్లంటే గౌరవం వస్తుంది. ఆరేళ్లు దాటిన పిల్లలకు ఈత, నీటి దగ్గర మెలకువలు, మునిగేవాళ్లను సురక్షితంగా కాపాడే పద్ధతి నేర్పాలని ప్రపంచ ఆరోగ్య సంస్థే చెబుతోంది. ఎవరైనా మునుగుతుంటే మీరు దూకకూడదు. కేకవేయండి, కర్ర అందించండి, తాడో చీరో విసరండి, ఖాళీ ప్లాస్టిక్ బిందె విసరండి. దీన్ని కుటుంబంతో పోయినప్పుడు ఒకసారి ఆటగా ఆడి చూడండి. చెల్లెలు కూడా బిందె విసరగలదు.

మా మండలంలోనే బట్రేపల్లి జలపాతం ఉంది. మంచి వానలు పడ్డాక చూడముచ్చటగా ఉంటుంది. అక్కడికి పోయే కుటుంబాలకు నా మనవి ఒకటే. నీళ్లు పడే బండలకు నాచు పట్టి ఉంటుంది. పిల్లను ఎత్తుకుని ఆ అంచున నిలబడి ఫోటో దిగడం సాహసం కాదు. గట్టి నేల మీద కూర్చుని, నీళ్లు ఏ రాతిని ఎంత కోసిందో పిల్లలకు చూపించండి, అంతే చాలు.

పాముల గురించీ అడుగుతారు. రాళ్ల సందుల్లో చెయ్యి పెట్టకూడదు, పొదలోకి కర్ర లేకుండా కాలు పెట్టకూడదు. ఈ రెండూ చిన్నప్పుడే అలవాటు కావాలి. పాము కరిస్తే కట్టు బిగించడం, కోయడం, నోటితో పీల్చడం ఏదీ చేయకూడదు. కరిచిన కాలినో చేతినో కదలనివ్వకుండా 108కి ఫోన్ చేసి ఆసుపత్రికి చేర్చాలి. విరుగుడు మందు అక్కడే ఉంటుంది.

ఎండ సంగతి వేరు. ఒక సెంటీమీటరు ఘనానికి ఉపరితలం 6, ఘనపరిమాణం 1. రెండు సెంటీమీటర్ల ఘనానికి ఉపరితలం 24, ఘనపరిమాణం 8. అంటే చిన్న వస్తువుకు దాని పరిమాణంతో పోల్చితే ఉపరితలం ఎక్కువ. చిన్నపిల్లల శరీరమూ అంతే, వేడిగాలి నుంచి తొందరగా వేడెక్కుతుంది. అందుకే మన వైపు ఉదయం ఆరింటికి బయలుదేరి తొమ్మిదిన్నరకు ఇంటికి చేరాలి. నీళ్లు దాహం వేయకముందే తాగించాలి.

ఇప్పుడు మిమ్మల్ని కొంచెం దూరం, పక్కనున్న కడప జిల్లాకు తీసుకుపోతాను. కలివికోడి అనే పక్షి పేరు విన్నారా? 1848లో అది శాస్త్రలోకానికి పరిచయమైంది. 1900లో మన అనంతపురం ప్రాంతంలో చూసినట్టుగా నమోదైంది. ఆ తరువాత ఎక్కడా జాడ లేదు. అంతరించిపోయిందనే అనుకున్నారు. బొంబాయి ప్రకృతి చరిత్ర సంఘం వారు వెతుకుతూ వచ్చి, ఆ పక్షి బొమ్మలు చూపి ఊరూరా అడిగారు. చివరికి 1986 జనవరిలో సిద్ధవటం దగ్గర రెడ్డిపల్లె ప్రాంతంలో అది దొరికింది. పట్టి తెచ్చింది ఎవరు? ఐతన్న అనే స్థానికుడు. రాత్రిపూట దీపం వెలుగులో పక్షులు పట్టడం ఆయనకు అలవాటు. కలివికోడి రాత్రి తిరిగే పక్షి. పగలు దుర్భిణులతో వెతికేవారికి కనిపించని పక్షి, పొదలెరిగిన మనిషికి కనిపించింది. 86 ఏళ్లుగా పుస్తకాలకు తెలియని సంగతి ఆ ఊరి భాషలో ఒక పేరుగా బతికే ఉంది. కలివి పొదల్లో ఉండే కోడి కాబట్టి కలివికోడి!

ఈ కథ ఎందుకు చెప్పానంటే, మా తరగతిలోనూ ఐతన్నలాంటి పిల్లలు ఉన్నారు. మేకల వెంట తిరిగే పిల్లవాడికి ఏ పొద దగ్గర కౌజు లేస్తుందో తెలుసు, ఏ ఆకు మేక ముట్టదో తెలుసు. కానీ సైన్సు పీరియడులో వాడు చెయ్యెత్తడు. తనకు తెలిసింది సైన్సు కాదని వాడి నమ్మకం. మిగిలినవాళ్లు వాణ్ణి చూసి నవ్వుతారు కూడా. మీ కుటుంబం గుట్టకు పోయే రోజున అలాంటి మిత్రుణ్ణి వెంట పిలవండి. ఆ రోజు గురువు అతనే.

మరికొందరు పిల్లల అమ్మానాయనలు బెంగుళూరుకో కేరళకో కూలికి పోయి ఉంటారు. పిల్లలు అవ్వాతాతల దగ్గర పెరుగుతుంటారు. "మాకు ఎవరు తీసుకుపోతారు సార్?" అని వాళ్లు అడగవచ్చు. తాత మోకాళ్ల నొప్పులతో నడిచే వేగం, చెల్లెలు నడిచే వేగం ఇంచుమించు ఒకటే. ఆ ఇద్దరి జోడీ కంటే మంచి జోడీ నాకు కనిపించదు.

అమ్మ గురించి కూడా ఒక మాట. ఇంటిల్లిపాదీ గుట్టకు పోతున్నారంటే అమ్మ తెల్లవారుజామున మూడింటికి లేచి పులిహోర, ఓళిగలు చేసి, గిన్నెలు మోసి, అక్కడ వడ్డించి, తిరిగివచ్చి తోముకోవడం అని అర్థం కాకూడదు. ఉడకబెట్టిన చెనిక్కాయలు, బెల్లం, అరటిపండ్లు చాలు. అమ్మ కూడా గుట్ట పైదాకా ఎక్కాలి. ఆరో తరగతి దాటిన ఆడపిల్లల్ని "నువ్వెందుకులే" అని ఇంట్లో ఉంచడం కూడా నాకు నచ్చని పని.

ఎక్కడికి పోవాలి అంటారా? బస్సు ఖర్చు పెట్టుకోగలిగితే తిమ్మమ్మ మర్రిమానుకు పొండి. కదిరికి సుమారు 25 కిలోమీటర్ల దూరంలో, నంబులపూలకుంట మండలం గూటిబైలు దగ్గర ఉంది. అయిదెకరాలకు పైగా విస్తరించిన ఒకే చెట్టు అది. 1989లో గిన్నిస్ పుస్తకంలోకి ఎక్కింది. శివరాత్రికి జనం బాగా వస్తారు. కానీ పిల్లలతో పోవడానికి జనం లేని రోజే మంచిది. చాలామంది పోతారు, దండం పెట్టుకుంటారు, ఫోటో తీసుకుంటారు, పావుగంటలో తిరిగివస్తారు. మీరు అలా చేయకండి. చెట్టు చుట్టుకొలతను అడుగులతో కొలవండి. నాయన ఒకసారి, చెల్లెలు ఒకసారి. రెండు లెక్కలూ రాసుకోండి. పైన చెప్పిన రెట్టింపు అడుగుల సంగతి నిజమో కాదో మీకే తెలుస్తుంది. ఊడలు వెయ్యికి పైగా ఉన్నాయి. గాలిలో వేలాడే ఊడను, నేలను తాకి మానుగా మారిన ఊడను పక్కపక్కన చూపండి. కలకత్తా దగ్గర శిబ్‌పూర్ వృక్షోద్యానంలో ఒక పెద్ద మర్రి ఉంది. బూజు తెగులు సోకడంతో 1925లో దాని అసలు మానును తొలగించారు. అయినా ఆ చెట్టు ఊడల మీదనే నేటికీ బతుకుతోంది.

కింద రాలిన ఎర్రటి మర్రిపండును విప్పి చూడండి. మనం పండు అనుకుంటున్నది నిజానికి లోపలికి ముడుచుకున్న పూలగుత్తి. ఆ పూలకు పరాగసంపర్కం చేసేది కేవలం ఒకటి రెండు మిల్లీమీటర్ల కందిరీగ. అది లేకపోతే మర్రికి విత్తనం లేదు, మర్రి లేకపోతే దానికి ఇల్లు లేదు. చెల్లెలి కళ్లు మీ కళ్ల కంటే నేలకు దగ్గరగా ఉంటాయి. ఆ పురుగును ముందు చూసేది ఆమే.

బస్సు ఖర్చు లేనివాళ్లు దిగులుపడవద్దు. జూన్ నెలలో ఆరుద్ర కార్తె వస్తుంది. మొదటి మంచి వాన పడిన మర్నాడు పొద్దున్నే ఊరి బయట ఎర్రనేలకు పొండి. ముఖమల్ గుడ్డతో కుట్టినట్టుగా ఎర్రటి ఆరుద్ర పురుగులు కనిపిస్తాయి. చెల్లెలి అరచేతిలో ఒకదాన్ని పెట్టి కాళ్లు లెక్కపెట్టమనండి. పురుగు అంటున్నాం కానీ కీటకాలకు ఆరు కాళ్లే ఉండాలి కదా? దీనికి ఎన్ని ఉన్నాయో ఆమె చెప్పేదాకా మీరు చెప్పవద్దు. ఎనిమిది అని ఆమె లెక్క తేల్చాక, ఇది సాలెపురుగుల, తేళ్ల బంధువు అని చెప్పండి. లెక్క అయ్యాక ఎక్కడ తీశారో అక్కడే వదిలేయండి. మబ్బు మళ్లీ కమ్ముకుంటే మెరుపుకూ ఉరుముకూ మధ్య సెకన్లు లెక్కపెట్టండి. మూడు సెకన్లకు ఒక కిలోమీటరు. ముప్పైలోపే ఉరుము వినిపించిందంటే, చెట్టు కింద ఆగకుండా చెల్లెల్ని చంకన వేసుకుని ఇంటికి వచ్చేయండి.